టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారు, మరి ఇదెట్లా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పిల్లల మెదడు ఎదుగుదల గురించి అడిగినవే ఎక్కువ. రాసినవారి పేర్లు తీసేసి, ఉత్తరాలను కుదించి ఇస్తున్నాం. పిల్లల నరాల వైద్యులు, జన్యు వైద్య నిపుణులు కలిసి జవాబులు రాశారు.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిది నెలలు. ఇంకా మెడ నిలబెడ్తలేడు. ఐదో నెలల ఫిట్స్ మొదలైనయి. ఎమ్మారై తీస్తే ‘లిసెన్‌సెఫలీ’ అని రాసిచ్చిన్రు. మెదడు మీద మడతలు లేవు, నున్నగ ఉన్నది అన్నరు. నేను కడుపుతోని ఉన్నప్పుడు ఐదో నెలల టిఫా స్కాన్ తీపిచ్చినం, అంతా నార్మల్ అనే ఉన్నది. స్కాన్ చేసినోళ్లు సరిగ్గ చూడలేదా? గ్రహణం నాడు నేను కూరగాయలు కోసిన, అందుకే ఇట్లయ్యింది అని మా అత్తమ్మ అంటున్నది. ఇంకో బిడ్డను కనొచ్చా?
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: అమ్మా, ముందు గ్రహణం మాట. మీరు కత్తి పట్టినందుకు బిడ్డ మెదడు మారలేదు. ఆ రోజు చేతులు కట్టుకొని కూర్చున్నా ఇదే జరిగేది. ఇలాంటి మార్పు చాలాసార్లు అండంలోనో వీర్యకణంలోనో, అంటే మీకు నెల తప్పిందని తెలియక ముందే, జన్యువులో పడిపోయి ఉంటుంది. ఈ నాలుగు ముక్కలు మీ అత్తమ్మకు చదివి వినిపించండి.

స్కాన్ చేసిన డాక్టర్ కూడా చూడక వదిలేయలేదు. ఐదో నెలలో, అంటే 18–20 వారాలప్పుడు, ఏ బిడ్డ మెదడైనా నున్నగానే ఉంటుంది. పక్కల ఒక లోతు తక్కువ సొట్ట తప్ప పెద్ద మడతలేవీ అప్పటికి పడవు. అవి ఆరో నెల నుంచి ఒక్కొక్కటీ ఏర్పడి, చివరి మూడు నెలల్లో నిండుగా వస్తాయి. కాబట్టి ఆ రోజు స్కాన్‌లో మీ బాబు మెదడు, పక్క గదిలో ఇంకొకరి బిడ్డ మెదడు ఒకేలా కనిపించి ఉంటాయి. టిఫాలో వెన్ను, గుండె గదులు, పెదవి, కాళ్లుచేతులు, మెదడులో నీటి గదుల వెడల్పు, చిన్నమెదడు తెలుస్తాయి. మడతలు పడతాయో పడవో తెలియదు. ‘టిఫా నార్మల్’ అన్న మాటకు హద్దు ఇదీ అని స్కాన్ రోజే చెప్పాలి. చాలాచోట్ల చెప్పరు, తర్వాత ఇంట్లో తల్లి మాట పడుతుంది.

ఇక మడతలు ఎందుకు రాలేదంటారా? మెదడు కణాలు పుట్టేది ఒకచోట, స్థిరపడేది ఇంకోచోట. నడిమధ్యలో నీరుండే గదుల గోడల దగ్గర పుట్టి, పైపొర దాకా ఎక్కిపోవాలి. మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఈ ఎక్కుడు సాగుతుంది. ఎక్కడానికి సన్నటి పోగులు నిలువుగా ఉంటాయి. తాటిచెట్టెక్కే గౌడన్నను చూసే ఉంటారు. ముందు మోకును పైకి జరుపుతాడు, ఆ ఆసరాతో ఒళ్లంతా పైకి లాక్కుంటాడు. కణమూ అంతే. ముందు చెయ్యి లాంటి సన్నటి కొసను పైకి చాపుతుంది, తర్వాత లోపలి కేంద్రకాన్ని దాని వెంట లాక్కుంటుంది. ఆ లాగుడుకు కావాల్సిన ప్రొటీన్ లిస్-1 అనే జన్యువు నుంచి వస్తుంది. లోపలి సన్నటి గొట్టాలు కూలకుండా నిలబెట్టే ప్రొటీన్ డీసీఎక్స్ అనే జన్యువు నుంచి వస్తుంది. వీటిలో ఏది కొరవడినా కణాలు సగం చెట్టు మీదే ఆగిపోతాయి. మామూలుగా కొత్తగా ఎక్కే కణం పాతవాటిని దాటుకొని వాటికి పైన కూర్చుంటుంది. ఇక్కడ దాటలేక అక్కడే పోగుపడతాయి. 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాల్సిన పైపొర 10 నుంచి 20 మిల్లీమీటర్ల మందం తేలుతుంది, ఆరు వరుసల చోట నాలుగే ఉంటాయి. పలుచటి పంచె మడత పడ్డట్టు దుప్పటి బొంత మడత పడదు కదా, అలాగే ఈ మందపు పొరా మడత పడదు.

ఇంకో బిడ్డ గురించి. ఇక్కడ ‘ఒక్కసారి వచ్చింది, మళ్లీ రాదులే’ అనేవాళ్లూ ఉంటారు, ‘మీకు పుడితే ఇట్లాంటి పిల్లలే పుడతారు’ అనేవాళ్లూ ఉంటారు. ఇద్దరిదీ ఊహే. లిసెన్‌సెఫలీ అనేది ఎమ్మారైలో కనిపించే రూపానికి పేరు, జబ్బు కారణానికి కాదు. ఒకే రూపం వెనక నాలుగైదు కారణాలు ఉంటాయి, ఒక్కోదానికి తర్వాతి బిడ్డ లెక్క వేరు.

లిస్-1లో మార్పయితే అది దాదాపు ఎప్పుడూ బిడ్డలో కొత్తగా వచ్చిందే. తల్లిదండ్రుల రక్తంలో లేదని తేలితే మళ్లీ వచ్చే అవకాశం 1 శాతం దరిదాపుల్లోనే. అదే 17వ క్రోమోజోమ్ కొసలో లిస్-1తోపాటు పెద్ద ముక్కే ఊడిపోతే దాన్ని మిల్లర్-డైకర్ సిండ్రోమ్ అంటారు. ఈ పిల్లల నుదురు ఎత్తుగా, ముక్కు పొట్టిగా పైకి తిరిగి ఉంటుంది. వీరిలో కొందరి తల్లికో తండ్రికో క్రోమోజోమ్ ముక్కలు చోటు మారి ఉంటాయి. వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు, కానీ గర్భాలు పదే పదే పోతుంటాయి, మళ్లీ ఇలాంటి బిడ్డ పుట్టే అవకాశమూ ఎక్కువే. డీసీఎక్స్ అయితే అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లిలో ఒక కాపీ చెడి ఉంటే కొడుకుల్లో ప్రతి ఒక్కరికీ సగం అవకాశం. కూతుళ్లకూ సగం అవకాశమే గానీ వాళ్లలో రూపం తేలిక: మెదడు పైపొర కింద రెండో పట్టీలా కణాలు ఆగుతాయి. ఫిట్స్ ఉండొచ్చు, చదువులో వెనకబడొచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. మీకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఇక రీలిన్ అనే జన్యువు వల్లయితే చిన్నమెదడు కూడా బాగా చిన్నగా ఉంటుంది. మీది మేనరికమైతే దీన్ని గుర్తుపెట్టుకోవాలి, ఇందులో ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. అంటే ఒక్క శాతం నుంచి యాభై శాతం దాకా ఏదైనా కావొచ్చు. కారణం తేలకుండా మీకు ఒక అంకె చెప్పే డాక్టర్‌ను నమ్మకండి.

ఎమ్మారై సీడీ తీసుకొని, నున్నదనం మెదడు వెనక భాగంలో ఎక్కువా, ముందు భాగంలో ఎక్కువా అని రాయించుకోండి. వెనక ఎక్కువైతే లిస్-1 వైపు, ముందు ఎక్కువైతే డీసీఎక్స్ వైపు చూపు పోతుంది. తర్వాత బాబు రక్తం 2–3 మిల్లీలీటర్లు ఊదా మూత ట్యూబులో ఇవ్వాలి. ముందు మైక్రోఅరే చేస్తే ఊడిన ముక్కలు బయటపడతాయి. అందులో ఏమీ లేకపోతే జన్యువుల్లో అక్షరాల మార్పులు వెతికే ఎక్సోమ్ పరీక్ష, అందులో చిన్న తొలగింపులనూ లెక్కించాలని కాగితం మీద రాయించాలి. మైక్రోఅరేకు, ఎక్సోమ్‌కు ఊదా మూత. క్రోమోజోమ్‌లను లెక్కపెట్టే కేరియోటైప్‌కు మాత్రం ఆకుపచ్చ మూత, ఎందుకంటే దానికి కణాలు బతికుండాలి. మూత మారితే మళ్లీ గుచ్చాల్సి వస్తుంది. ఏ ట్యూబునూ డీప్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. హైదరాబాద్‌లో నిమ్స్ జన్యు వైద్య విభాగం, ఉప్పల్‌లోని డీఎన్ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ కలిసి ఈ పని చేస్తాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి పిల్లల విభాగం నుంచి రెఫరల్ చీటీ పట్టుకొని పొండి. అప్పటిదాకా తర్వాతి గర్భం ఆపండి. జన్యువు పేరు తెలిశాక అయితే 11–13 వారాల్లో మాయ ముక్క తీసి పరీక్షించవచ్చు, లేదంటే 16 వారాలు నిండాక 15–20 మిల్లీలీటర్ల ఉమ్మనీరు తీసి చూడొచ్చు. పేరు తెలియకపోతే మడతల కోసం 28 వారాల దాకా ఆగాలి. అప్పటికి 2021లో సవరించిన గర్భస్రావ చట్టం పెట్టిన 24 వారాల గడువు దాటిపోతుంది, ఆపైన రాష్ట్ర మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాల్సి వస్తుంది.

బాబుకు పాలు పడుకోబెట్టి పట్టకండి. మెడ ఆనించి, సగం కూర్చోబెట్టినట్టు పట్టండి. తాగాక గొంతులో గురగుర వినిపించినా, తరచూ నిమ్ము చేసినా పాలు ఊపిరితిత్తుల్లోకి జారుతున్నట్టే. ఈ పిల్లల ప్రాణానికి ఫిట్స్ కంటే దీనితోనే ఎక్కువ ముప్పు. బరువు పెరిగేకొద్దీ ఫిట్స్ మందు మోతాదు కూడా పెరగాలి. మూడు నెలల కిందటి చీటీ మీదే మందులు తెచ్చి వేయడం వల్ల ఆగిన ఫిట్స్ మళ్లీ మొదలవుతుంటాయి.

ప్రశ్న: మా పాపకు రెండేండ్లు. తల చిన్నగుందని అంగన్‌వాడీ టీచర్ టేపు పెట్టి చూస్తే 41.5 సెంటీమీటర్లు వచ్చింది. నడుస్తది, కానీ ‘అమ్మ’, ‘తాత’ తప్ప మాటలు లేవు. ఫిట్స్ లేవు. నేను మా చిన్న మేనమామనే చేసుకున్న. పెండ్లికి ముందు ఇద్దరి బ్లడ్ గ్రూపులు చూపిచ్చినం, వేరే వేరేనే ఉన్నయి. ఇప్పుడు మా చెల్లెను మా పెద్ద మేనమామ కొడుక్కు ఇద్దామంటున్నరు. ఇయ్యొచ్చా?
– ఒక చదువరి, హుజూరాబాద్

జవాబు: బ్లడ్ గ్రూపులు వేరైతే మేనరికం చేసుకోవచ్చన్న మాట మన ఊళ్లలో ఎట్లా పుట్టిందో గానీ, దానివల్ల చాలా ఇళ్లు మోసపోయాయి. ఏ, బీ, ఓ గ్రూపులకూ మెదడు జన్యువులకూ సంబంధం లేదు. గ్రూపులు కలిసినా కలవకపోయినా మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు, బావామరదళ్లకు ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. ఆ ఉమ్మడిలో చెడిన జన్యువు ఒకటి ఉంటే బిడ్డకు రెండు వైపుల నుంచీ అదే అందే వీలుంటుంది. ఒక కాపీ చెడితే ఏమీ కాదు, మనలో ప్రతి ఒక్కరం ఇలాంటివి కొన్ని మోస్తూనే ఉన్నాం. రెండూ చెడితేనే జబ్బు.

రెండేళ్ల ఆడపిల్లకు తల చుట్టుకొలత సగటున 47.2 సెంటీమీటర్లు. 44.4 కంటే తగ్గితే చిన్న తల, 43 కంటే తగ్గితే మరీ చిన్న తల. మీ పాపది 41.5. ‘మా ఇంట్ల అందరివీ చిన్న తలలే’ అని వదిలేసే కొలత కాదిది. అయినా మళ్లీ ఒకసారి కొలవండి. దర్జీ టేపు పాతబడితే సాగుతుంది, కొత్తది తీసుకోండి. జడ విప్పాలి. ముందు కనుబొమ్మలకు కాస్త పైన, వెనక తల బాగా ఉబికిన చోట ఆనాలి. మూడుసార్లు కొలిచి అన్నిటికంటే పెద్ద అంకె రాయాలి.

అన్నిటికంటే ముఖ్యమైన అంకె మాత్రం పుట్టిన రోజుది. పుట్టినప్పుడు ఆడపిల్లకు సగటు 33.9, మగపిల్లాడికి 34.5. ఆడపిల్లకు 31.5, మగపిల్లాడికి 31.9 కంటే తక్కువుంటే కడుపులోనే తల ఎదగలేదని అర్థం. పుట్టినప్పుడు బాగుండి ఆ తర్వాత ఎదుగుదల మందగిస్తే కారణాల జాబితాయే మారిపోతుంది: కాన్పులో ఊపిరి అందకపోవడం, మెదడువాపు, పుట్టుక తర్వాత బయటపడే జబ్బులు. డిశ్చార్జ్ కాగితంలో బరువు రాస్తారు, తల కొలత గడి ఖాళీగా వదిలేస్తారు. సెకన్ల పని అది. కాన్పు చేయించుకునే ప్రతి ఇంటివాళ్లూ అడిగి రాయించుకోవాలి. మీ దగ్గర కాగితం లేకపోతే మొదటి నెలల్లో తీసిన ఫొటోలు తీసుకెళ్లండి, అవి కూడా పనికొస్తాయి.

పాప నడుస్తోంది, ఫిట్స్ లేవు, తల మాత్రం బాగా చిన్నది, మీది దగ్గరి మేనరికం. ఇవన్నీ పుట్టుకతో వచ్చే మైక్రోసెఫలీ వైపు చూపుతున్నాయి. దీని వెనక ఎక్కువగా కనిపించే జన్యువు ఏఎస్‌పీఎమ్. మెదడు మూలకణాలు రెండుగా చీలి సంఖ్య పెంచుకునే దశలో ఇది పనిచేస్తుంది. అది లేకపోతే కణాల సంఖ్య పెరగకముందే మూలకణాలు అయిపోతాయి. మెదడు తీరు దాదాపు మామూలుగానే ఉంటుంది, సైజే చిన్నది. ఇలాంటి పిల్లలు ఆలస్యంగానైనా మాటలు నేర్చుకుంటారు, తమ పనులు తాము చేసుకోగలుగుతారు. వినికిడి పరీక్ష, మాటల శిక్షణ ఇప్పుడే మొదలుపెట్టండి, రిపోర్టు కోసం ఆగొద్దు. అయితే కడుపులో ఉండగా వచ్చే సైటోమెగలో వైరస్ కూడా తలను ఇలా చిన్నగా చేస్తుంది. సీటీలో సున్నపు చుక్కలు కనిపిస్తే అటు చూడాలి.

మీ చెల్లెలి సంగతి లెక్క వేసి చూద్దాం. పాపకు ఎక్సోమ్ చేసి జన్యువు దొరికిందనుకోండి. ఆ చెడిన కాపీ మీకూ మీ ఆయనకూ మీ అమ్మగారి పుట్టింటి నుంచే వచ్చి ఉంటుంది. అంటే మీ అమ్మకు ఉంది, మీ చెల్లెలికి ఉండే అవకాశం రెండింట ఒకటి. పెద్ద మేనమామకు రెండింట ఒకటి, ఆయన కొడుక్కు నాలుగింట ఒకటి. ఇద్దరికీ ఉండి, బిడ్డకు రెండూ అందే అవకాశం 32లో ఒకటి. అంకె చిన్నగా కనిపిస్తుంది. కానీ పరీక్ష చేయిస్తే ఆ 32లో ఒకటి అన్నమాటే ఉండదు. ఇద్దరిలో ఏ ఒక్కరికి లేకపోయినా ఈ జబ్బుకు సంబంధించి భయం లేనట్టే. ఇద్దరికీ ఉంటే నాలుగింట ఒకటి. జన్యువు తెలిశాక ఆ ఒక్క అక్షరాన్ని చూసే సాంగర్ పరీక్ష చాలు, ఎక్సోమ్ అక్కర్లేదు. నిశ్చితార్థం కంటే ముందు చేయించండి. పత్రికలు పంచాక వచ్చే రిపోర్టును ఎవరూ చదవరు. ఈ జబ్బు లేదని తేలినా మేనరికంలో మిగతా జబ్బుల అవకాశం అలాగే ఉంటుందన్నది కూడా పెద్దలకు చెప్పండి.

ఇంకొకటి. నాలుగింట ఒకటి అంటే ‘ఒకరికి వచ్చేసింది, ఇక ముగ్గురు బాగుంటారు’ అని కాదు. ప్రతి కాన్పుకూ గవ్వలు కొత్తగా వేసినట్టే, పోయినసారి పందెం వాటికి గుర్తుండదు.

ప్రశ్న: మా మనుమరాలికి ఆరు నెలలు, 7 కిలోలు. పది రోజుల సంది నిద్ర లేవంగనే ఉలిక్కిపడ్డట్టు చేతులు చాపి, తల ముందటికి వంచుతది. వెంటవెంటనే పది పదిహేను సార్లు. అయినంక ఏడుస్తది. కడుపునొప్పి అని గ్రైప్ వాటర్ పోస్తున్నం. నవ్వుడు తగ్గింది. వీపు మీద, తొడ మీద నాలుగు తెల్ల మచ్చలు పుట్టినప్పటి నుంచి ఉన్నయి. నట్టల మచ్చలన్నరు.
– ఒక నాయనమ్మ, గోదావరిఖని

జవాబు: నాయనమ్మగారూ, ఈ పత్రిక మీకు అందిన రోజే బయల్దేరండి. ఇది కడుపునొప్పి కాదు. నిద్ర లేవగానే, గుత్తులు గుత్తులుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చే ఈ వంగుడును ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ అంటారు. చూడటానికి ఫిట్స్‌లా ఉండవు, అందుకే అందరూ మోసపోతారు. కడుపునొప్పి బిడ్డ ఏడుస్తూ ముడుచుకుంటుంది. ఇందులో ముందు వంగుడు, తర్వాత ఏడుపు. ఉలికిపాటుకు చప్పుడు కావాలి, దీనికి అక్కర్లేదు. నవ్వు తగ్గడం అన్నిటికంటే చెడ్డ గుర్తు. చికిత్స ఆలస్యమైన ప్రతి వారం బిడ్డ నేర్చినవి పోతాయి.

ఫోన్‌లో వీడియో తీయండి. ముఖం, రెండు చేతులు, రెండు కాళ్లు కనిపించాలి, దుప్పటి తీసేయాలి. మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ తీసేటప్పుడు కాసేపు నిద్రపోయి లేచేలా చూడాలి. మెలకువలో పది నిమిషాలు తీసిన ఈఈజీ నార్మల్ వచ్చినా దాన్ని పట్టించుకోకండి.

ఇక ఆ మచ్చలు. నట్టల మచ్చలని మనం పిలిచేవి ముఖం మీద, పొట్టు రాలుతూ, వస్తూ పోతూ ఉంటాయి. పుట్టుకతో ఉండి, వేపాకులా కొస తేలి, మారకుండా ఉన్నవి వేరు. 5 మిల్లీమీటర్లు దాటినవి మూడు, అంతకంటే ఎక్కువుంటే ట్యూబరస్ స్క్లెరోసిస్ అని అనుమానించాలి. చీకటి గదిలో ఊదా కాంతి వుడ్స్ ల్యాంప్ పెడితే ఇంకొన్ని బయటపడతాయి. పేరులో ‘ట్యూబరస్’ ఉందని టీబీ అనుకోకండి, దానికీ దీనికీ సంబంధం లేదు, అంటదు. టీఎస్‌సీ-1, టీఎస్‌సీ-2 అనే జన్యువులు కణాల పెరుగుదలకు బ్రేకులాంటివి. బ్రేకు తెగితే మెదడు పైపొరలో గడ్డల్లాంటి ముద్దలు కడుపులోనే ఏర్పడతాయి. ఫిట్స్ అక్కడి నుంచే పుడతాయి.

ఈ జబ్బులో ఇలాంటి ఫిట్స్‌కు మొదటి మందు వైగాబాట్రిన్. వేరే కారణాలతో వచ్చిన స్పాజమ్స్‌కు స్టెరాయిడ్లు ముందు వాడతారు. అందుకే మచ్చల సంగతి డాక్టర్‌కు మీరే చూపించాలి, బట్టలు విప్పి చూడకుండా చీటీ రాస్తే అడగాలి. సాధారణంగా రోజుకు కిలోకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుతారు. 7 కిలోల బిడ్డకు 350, రెండు పూటలుగా. 500 మిల్లీగ్రాముల బిళ్లను 10 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే ఒక్కో మిల్లీలీటర్‌లో 50 ఉంటుంది, పూటకు మూడున్నర మిల్లీలీటర్లు. సిరంజితో కొలవాలి, చెంచాతో కాదు. ప్రతి పూటా కొత్తగా కలపండి. మీ పాపకు ఎంతన్నది మాత్రం మీ డాక్టర్ చెప్పాలి. ఈ మందు అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు, పది రోజుల మందు మిగిలుండగానే ఆర్డర్ పెట్టండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ విరుచుకుపడతాయి. కంటి చూపు అంచులు తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి కళ్ల పరీక్షలు చేయిస్తూ ఉండాలి.

గుండె ఎకో, కిడ్నీల స్కాన్, మెదడు ఎమ్మారై కూడా చేయిస్తారు. అమ్మానాన్నల ఒళ్లూ చూడాలి. ముక్కు పక్కల ఏళ్ల తరబడి మొటిమలనుకుంటున్న ఎర్రటి బొడిపెలు, గోళ్ల పక్కన లేచిన కండలు ఇదే జబ్బు గుర్తులు కావొచ్చు. మూడింట రెండు వంతుల పిల్లల్లో ఇది కొత్తగా వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే మాత్రం ప్రతి కాన్పుకూ సగం అవకాశం.

ప్రశ్న: బాబుకు మెదడులో రెండు సగాలను కలిపే కార్పస్ కలోసమ్ లేదు. ఎక్సోమ్ రిపోర్టులో ‘వీయూఎస్’ అని వచ్చింది. జబ్బు దొరికినట్టా, లేనట్టా? నా భార్యకు ఇప్పుడు రెండో నెల.
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: దొరకనట్టే. వీయూఎస్ అంటే జన్యువులో ఒక అక్షరం మారి ఉంది, అది జబ్బు తెచ్చేదో మామూలు తేడానో చెప్పడానికి ఆధారాలు చాలవు. దాన్ని పట్టుకొని గర్భం ఉంచడం, తీయించడం తేల్చకూడదు. ముందు మీ ఇద్దరి రక్తంలో ఆ అక్షరం చూడాలి. ఆరోగ్యంగా ఉన్న తండ్రిలోనూ అదే ఉంటే సాధారణంగా దాని బరువు తగ్గుతుంది. ఇద్దరిలోనూ లేకుండా బాబులో కొత్తగా వస్తే పెరుగుతుంది. ఎక్సోమ్ చూసేది మొత్తం జన్యుపటంలో ఒకటి రెండు శాతమే. ఫ్రాజైల్ ఎక్స్ లాంటి జబ్బుల్లో ఒకే అక్షరాల వరుస మళ్లీ మళ్లీ రావడాన్ని అది పట్టుకోలేదు. మైక్రోఅరే చేయించి ఉండకపోతే చేయించండి. ల్యాబ్ నుంచి ముడి డేటా అడిగి హార్డ్‌డిస్క్‌లో పెట్టుకోండి, ఏడాది రెండేళ్లకు మళ్లీ విశ్లేషిస్తే కొన్ని వీయూఎస్‌లకు జవాబు దొరుకుతుంది. ఈ గర్భానికి 20 వారాల స్కాన్‌లో కార్పస్ కలోసమ్‌ను ప్రత్యేకంగా చూడమని చీటీ మీద రాయించండి. అనుమానముంటే కడుపులో బిడ్డకు ఎమ్మారై.

ప్రశ్న: ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఇవన్నీ రాకుండా ఆగుతాయా? – జనగామ

జవాబు: పైన చెప్పినవి ఆగవు. వెన్ను, పుర్రె మూసుకోకపోవడం అనే లోపాలు చాలావరకు ఆగుతాయి. వెన్ను, మెదడు తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది. నెల తప్పి, పరీక్ష చేయించి, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి గడువు అయిపోతుంది. అందుకే గర్భానికి కనీసం నెల ముందు నుంచి 12 వారాల దాకా రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ముందు బిడ్డకు వెన్ను లోపం ఉంటే డాక్టర్ చెప్పిన మేరకు 5 మిల్లీగ్రాముల బిళ్ల. ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడే ఆడవాళ్లు పెళ్లి అనుకున్నప్పుడే నరాల డాక్టర్‌ను కలిసి మందు మార్పు గురించి అడగాలి.

ప్రశ్న: కారణం తేలేదాకా ఫిజియోథెరపీకి, సర్టిఫికెట్‌కు ఎక్కడికి పోవాలె? – పరకాల

జవాబు: వీటికి జన్యు రిపోర్టుతో పనిలేదు. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం పేరు రాసుకొని జిల్లా డీఈఐసీకి, అంటే ఎదుగుదల లోపాలున్న పిల్లలకు శిక్షణ ఇచ్చే కేంద్రానికి పంపుతుంది, అక్కడ శిక్షణ ఉచితం. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు స్లాట్ ఎలా తీసుకోవాలో ముందే మీసేవలో అడగండి. ఎమ్మారై, ఈఈజీ కాగితాల జిరాక్సులు రెండేసి పట్టుకొని పొండి. బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా కింద లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చుకూ వాడుకోవచ్చు.

ప్రశ్న: మా మొదటి బిడ్డ నిరుడు పోయింది, ఏడాది కూడా నిండలేదు. పుట్టినప్పటి నుంచి కుక్కపిల్ల వగర్చినట్టు ఊపిరి తీసేది, మధ్యమధ్యల ఆగేది. కండ్లు అటు ఇటు ఊగేవి. ఎమ్మారైల ‘మోలార్ టూత్’ అని రాసిన్రు. జన్యు పరీక్ష చేయలేదు. మాది మేనబావ సంబంధం. ఇప్పుడు నాకు ఎనిమిదో వారం.
– ఒక చెల్లెలు, ములుగు

జవాబు: చెల్లీ, మీకు జరిగినదానికి చాలా బాధగా ఉంది. మీరు రాసిన మూడు గుర్తులూ జూబర్ సిండ్రోమ్‌వి. చిన్నమెదడు రెండు సగాలను కలిపే నడిమి భాగం ఎదగక, ఎమ్మారై అడ్డకోతలో మెదడుకాండం దవడపన్ను ఆకారంలో కనిపిస్తుంది, ఆ పేరు అందుకే. దీని వెనక ముప్పైకి పైగా జన్యువులున్నాయి. దాదాపు అన్నిటిలోనూ మళ్లీ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అంటే నాలుగింట మూడు వంతులు ఈ బిడ్డ బాగుండే అవకాశమే.

బిడ్డ రక్తం ఎక్కడైనా మిగిలిందేమో ముందు వెతకాలి. పుట్టినప్పుడు మడమ గుచ్చి అట్ట మీద తీసిన రక్తపు చుక్కలైనా సరే, డీఎన్ఏ వస్తుంది. పిల్లలను చూసే డాక్టర్లకు కూడా ఒక విన్నపం: బిడ్డ దక్కదని తెలిసినప్పుడు మాటలు రాకపోయినా సరే, తల్లిదండ్రులను అడిగి 3 మిల్లీలీటర్ల రక్తం ఊదా మూత ట్యూబులో తీసి డీఎన్ఏ దాయించండి.

రక్తం దొరకకపోతే మీ ఇద్దరికీ ఎక్సోమ్ చేసి, జూబర్ జన్యువుల్లో ఒకే మార్పు ఇద్దరిలోనూ ఉందేమో చూస్తారు. మేనరికంలో ఇలా దొరికే అవకాశం బాగానే ఉంటుంది. రిపోర్టుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ వారం రక్తం ఇస్తే 12–14 వారాలకు చేతికొస్తుంది, 16కు ఉమ్మనీరు తీసి చూడొచ్చు, 19–20కి జవాబు తెలుస్తుంది. నెల ఆలస్యమైతే 24 వారాల అంచుకు చేరతారు. జన్యువు దొరకకపోతే 20 వారాల స్కాన్‌లో చిన్నమెదడు నడిమి భాగాన్ని, కిడ్నీలను, వేళ్ల సంఖ్యను చూడాలి, ఆ తర్వాత 22 వారాలకు కడుపులో బిడ్డకు ఎమ్మారై.

సోమవారం ఇద్దరూ కలిసే నిమ్స్‌కు వెళ్లండి, ఒక్కరి రక్తంతో పని కాదు. మొదటి బిడ్డ ఎమ్మారై రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, సీడీ కూడా పట్టుకెళ్లండి. సీడీ పోయి ఉంటే స్కాన్ తీసిన సెంటర్ కంప్యూటర్‌లో ఉండొచ్చు, బయల్దేరే ముందు ఫోన్ చేసి మళ్లీ రాయించుకోండి.